అమ్మ ఎంఆర్ఐ రిపోర్టులో డిస్క్ బల్జ్, హెమాంజియోమా అని ఉంది. ఆపరేషన్ తప్పదా?

ఎమ్మిగనూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మకు 52 ఏళ్లు, పత్తి తీసే పనికి పోతారు. నాలుగు నెలలుగా నడుం నొప్పి, ఎడమ కాల్లోకి గుంజుతోంది. కర్నూలులో ఎంఆర్ఐ తీయించారు. ఎల్4-ఎల్5 దగ్గర (నడుములో నాలుగో, ఐదో ఎముకల మధ్య) డిస్క్ బల్జ్, ఎడమ పక్కకు ప్రొట్రూజన్, థీకల్ శాక్ ఇండెంటేషన్, ఎడమ నర్వ్ రూట్‌కు (వెన్ను నుంచి బయటికొచ్చే నరం మొదలుకు) కాంటాక్ట్, ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్, డీ12 ఎముకలో హెమాంజియోమా, మల్టీలెవెల్ డీజెనరేటివ్ ఛేంజెస్ అని రిపోర్టులో ఉంది. ఒక డాక్టరు ఆపరేషన్ అన్నారట. ఊళ్లో వాళ్లేమో వెన్నుకు ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయంటున్నారట. హెమాంజియోమా అంటే ట్యూమర్ అని ఫోన్‌లో చూసి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదట. ఇందులో ఏది నిజం, ఇప్పుడేం చేయాలి అన్నది వాళ్ల ప్రశ్న.

నేను కర్నూలులో రేడియాలజిస్టుని. ఇలాంటి రిపోర్టులు రాయడమే నా రోజువారీ పని. కాబట్టి రాసేవాడి వైపు నుంచి చెప్తాను.

ఈ రిపోర్టు ఒక్కటే చూసి ఆపరేషన్ తప్పదని ఎవరూ చెప్పలేరు. ఆ హెమాంజియోమా క్యాన్సర్ కాదు. రిపోర్టులో ఉన్నవాటిలో పట్టించుకోవాల్సింది ఒక్క లైనే, ఎడమ నర్వ్ రూట్‌కు తగులుతోందన్న లైను. అది కూడా అమ్మగారి కాలి నొప్పి తీరుతో కలిస్తేనే లెక్కలోకి వస్తుంది. మిగిలినవి ఆ వయసు వాళ్లలో చాలామందికి, నొప్పి లేనివాళ్లకు కూడా కనిపించేవే.

అయితే ముందు, ఇవాళే, మూడు సంగతులు తెలుసుకోండి. మూత్రం మామూలుగా వస్తోందా, లేక వచ్చినట్టే ఉండి రాకపోవడం, తెలియకుండా పోవడం ఉందా? తొడల మధ్య, కూర్చుంటే కిందికి ఆనే చోట తిమ్మిరిగా, స్పర్శ లేనట్టు ఉందా? ఎడమ పాదంలో బలం తగ్గిందా? మొదటి రెండూ అమ్మలు కొడుకులతో చెప్పుకోరు. ఇంట్లో అక్కో, వదినో, మేనత్తో ఉంటే వాళ్లతో అడిగించండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

మూడోది మీరే చూడొచ్చు. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు నడవమనండి. తర్వాత మునివేళ్ల మీద నడవమనండి. ఆ తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, కాలి బొటనవేళ్లు రెండూ పైకి లేపి పట్టుకోమని చెప్పి, మీ వేలితో ఒక్కొక్కదాన్ని కిందికి నొక్కి చూడండి. కుడి బొటనవేలు గట్టిగా నిలబడి, ఎడమది ఇట్టే వాలిపోతే అది నరం బలహీనపడ్డ గుర్తు. నడిచేటప్పుడు ఎడమ చెప్పు తెలియకుండానే జారిపోతోందంటే అదీ గుర్తే.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా జవాబు తర్వాత చదవండి, ఇవాళే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి రాత్రి వెళ్లినా ఫర్వాలేదు. నడుము కింది నరాలన్నీ కలిసి నలిగే స్థితిని కాడా ఈక్వైనా అంటారు. అందులో గంటలు కూడా లెక్కే. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. ఇలాంటి స్థితిలో ఆపరేషన్ వద్దని ఎవరు చెప్పినా వినకండి.

ఈ మూడూ లేవంటే తొందరేమీ లేదు. కూర్చుని రిపోర్టును ఒక్కో ముక్కగా చూద్దాం.

ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు ఉంటాయి. మన ఒంట్లో నీళ్లలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ నుంచి వచ్చే సిగ్నల్‌తో బొమ్మ తయారవుతుంది. టీ2 అనే రకం బొమ్మల్లో నీళ్లు తెల్లగా కనిపిస్తాయి. టీ1లో కొవ్వు తెల్లగా, నీళ్లు నల్లగా ఉంటాయి. స్టిర్ అనే రకంలో కొవ్వు సిగ్నల్‌ను అణిచేస్తారు, కాబట్టి ఎముక లోపల కొత్తగా వచ్చిన వాపు ఏదైనా ఉంటే మెరిసిపోతూ బయటపడుతుంది.

మీ దగ్గరున్న ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టుకోండి. పక్క నుంచి తీసిన టీ2 బొమ్మలో వెన్నెముకలు పెట్టెల్లాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి వెనక పైనుంచి కిందికి తెల్లటి దారి ఒకటి దిగుతుంది. అది నరాల చుట్టూ ఉండే ద్రవం. దాన్ని చుట్టి ఉన్న సంచే థీకల్ శాక్. ఎముకకీ ఎముకకీ మధ్య ఉన్న బిళ్లలు డిస్కులు. నీరు పట్టి ఉన్న డిస్కు మధ్యలో తెల్లగా కనిపిస్తుంది. నీరు తగ్గినది నల్లబడుతుంది, కొంచెం పలచబడుతుంది. రాత్రి నానబెట్టిన బుడ్డ (వేరుశనగ) గింజకూ ఎండిన గింజకూ ఉన్నంత తేడా. రిపోర్టులో డెసికేషన్ అని ఉన్నది దీన్నే. ఇది జబ్బు పేరు కాదు, వయసుతో జరిగే మార్పు. మల్టీలెవెల్ డీజెనరేటివ్ ఛేంజెస్ అంటే ఇలాంటి మార్పులు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉన్నాయని. అంతే. వెన్నెముక అరిగిపోయి విరగబోతోందని కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు 'సార్, నాకు మూడు చోట్ల ఇరిగిపోయిందంట కదా' అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. చూస్తే మూడు చోట్ల డెసికేషన్ అని ఉంటుంది.

బల్జ్ అంటే డిస్కు అంచు చుట్టూరా కొంచెం ఉబ్బడం. ప్రొట్రూజన్ అంటే ఒక పక్కకు ప్రత్యేకంగా పొడుచుకు రావడం. ఎక్స్‌ట్రూజన్ అంటే లోపలి గుజ్జు పొరను దాటి ఇంకా బయటికి రావడం. ఆ ముక్క తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. మీ అమ్మగారిది రెండో మెట్టు. 'డిస్కు జారింది' అని ఊళ్లో అందరూ అనే మాటలో ఈ నాలుగూ కలిసిపోతాయి, అందుకే పక్కింటివాళ్ల డిస్కు కథ మీ అమ్మకు వర్తించదు.

థీకల్ శాక్ ఇండెంటేషన్ అంటే ఉబ్బిన డిస్కు ఆ సంచిని ముందు నుంచి కొంచెం నొక్కిందని. దాదాపు ప్రతి బల్జ్‌తోనూ ఈ మాట రాస్తాం. లోపలి నరాలకు చుట్టూ ద్రవం ఇంకా కనిపిస్తుంటే భయం లేదు. కెనాల్ (నరాల దారి) సన్నబడింది, అందులో ద్రవమే కనిపించడం లేదు అని రాస్తే అప్పుడు సంగతి వేరు. దాన్ని సివియర్ కెనాల్ స్టెనోసిస్ అంటాం.

ఇక హెమాంజియోమా. ఎముక లోపల సన్నటి రక్తనాళాలు, కొవ్వు కలిసి ఏర్పడిన చిన్న గుత్తి అది. టీ1లోనూ టీ2లోనూ తెల్లగా కనిపిస్తుంది, అందుకే గుర్తుపట్టడం సులువు. సుమారుగా పది మందిలో ఒకరికి వెన్నెముకలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. సాధారణంగా నొప్పి పెట్టదు. పాకదు, క్యాన్సర్‌గా మారదు. చాలా అరుదుగా కొన్ని పెరిగి ఎముక దాటి నరాల దారిలోకి వస్తాయి. అలా ఉంటే రిపోర్టులో ఆ సంగతి విడిగా, గట్టిగా రాసి ఉండేవాళ్లు. మీ రిపోర్టులో లేదు. అమ్మగారి నొప్పి నడుము కింద, ఇదేమో డీ12లో, అంటే వీపు కింది భాగంలో. రెండింటికీ సంబంధం లేదు. దీనికి మందు లేదు, మళ్లీ స్కాన్ అక్కర్లేదు. ఈ రాత్రి నుంచి దాని గురించి నిద్ర మానుకోకండి.

'అయితే ఇవన్నీ ఎందుకు రాస్తారు సార్, జనాన్ని భయపెట్టడానికా' అని అడుగుతారు. కనిపించింది రాయకపోతే రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు చూసి 'ఇది కొత్తగా వచ్చిందా' అని అనుమానపడతారు. పాత రిపోర్టులో ఉంటే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది. కనిపించింది రాయడం మా బాధ్యత. కానీ కనిపించిందల్లా నొప్పికి కారణం కాదు. ఈ రెండో మాట రిపోర్టులో చోటు చేసుకోదు, అక్కడే రోగికి నష్టం జరుగుతోంది.

దీనికి గట్టి ఆధారాలు ఉన్నాయి. 1994లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనంలో నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్లలో సగం మందికి పైగా, 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్క్ బల్జ్ ఉంది. 27 శాతం మందికి ప్రొట్రూజన్ ఉంది. ఎక్స్‌ట్రూజన్ మాత్రం ఒక్క శాతమే. 2015లో ఇలాంటి అధ్యయనాలు 33 కలిపి, నొప్పి లేని 3,110 మంది స్కాన్లను లెక్కగట్టారు. 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి బల్జ్ ఉంది. 80 ఏళ్లకు అది 84 శాతానికి చేరింది. డిస్కు అరుగుదల అయితే 20 ఏళ్లకే 37 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. అంటే ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ యాభై ఏళ్ల వాళ్లను వరసగా తీసుకొచ్చి మెషీన్లో పడుకోబెట్టినా, ఏ నొప్పీ లేనివాళ్ల రిపోర్టులు కూడా చాలావరకు మీ అమ్మగారి రిపోర్టులాగే వస్తాయి.

మరి ఎలా తేల్చుకోవాలి? నొప్పి పోయే దారి, రిపోర్టులో చెప్పిన నరం, రెండూ ఒకటేనా అని చూడాలి. ఎల్4-ఎల్5 దగ్గర ఎడమ పక్కకు పొడుచుకు వచ్చిన డిస్కు సాధారణంగా ఎడమ ఎల్5 నరాన్ని నొక్కుతుంది. ఆ నరం నొప్పి పిరుదు నుంచి తొడ బయటి పక్కగా, మోకాలి కింద పిక్క బయటి వైపుగా దిగి, పాదం పైభాగానికి, బొటనవేలికి చేరుతుంది. ఎల్5-ఎస్1 దగ్గరైతే ఎస్1 నరం. పిక్క వెనక నుంచి మడమకు, అరికాలికి, చిటికెన వేలి వైపు పోతుంది. ఎల్3-ఎల్4 దగ్గరైతే తొడ ముందు భాగం, మోకాలు, మోకాలి కింద కాలి లోపలి పక్క.

అమ్మగారిని ఒక్క వేలితో నొప్పి దారి గీసి చూపించమనండి. 'కాలంతా' అని చెయ్యి ఊపితే ఒప్పుకోకండి, వేలు పెట్టి చూపించమనండి. ఎడమ కాల్లో బయటి పక్కగా పాదం పైకి, బొటనవేలి దాకా గీస్తే రిపోర్టు, నొప్పి కలిసినట్టే. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమంటే ఇంకా బలం. మోకాలి దగ్గరే ఆగిపోతే, రెండు కాళ్లూ ఒకేలా లాగితే, నడుము అడ్డంగా పట్టేసినట్టుంటే ఆ ప్రొట్రూజన్‌ను దోషిగా నిలబెట్టడం కష్టం.

ఆలూరు వైపు నుంచి నడివయసు ఆయన ఒకాయన వచ్చారు. కుడి కాలు నొప్పి. వేరేచోట తీసిన ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ ఉంది, దానికే నెలల తరబడి మందులు వాడారు, నడుముకు బెల్టు కట్టుకు తిరిగారు. మాట్లాడుతుంటే నొప్పి మొదలయ్యేది గజ్జల్లో అన్నారు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నానన్నారు. అది నడుము లక్షణం కాదు, తుంటి కీలు లక్షణం. తుంటికి స్కాన్ చేస్తే కుడి తొడ ఎముక తలకు రక్తప్రసరణ తగ్గి ఎముక దెబ్బతింది. ఏవీఎన్ అంటారు. ఎక్కువకాలం స్టెరాయిడ్ మందులు వాడటం, మద్యం దీనికి పెద్ద కారణాలు. ఆ డిస్క్ బల్జ్ నిజంగానే ఉంది, రిపోర్టు తప్పు కాదు. కానీ నొప్పి అక్కడిది కాదు. డిస్కుకు ఆపరేషన్ జరిగి ఉంటే కీలు కీలుగానే పాడవుతూ ఉండేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మన జిల్లాల్లో ఇది మరవకూడదు. బల్జ్, డెసికేషన్ లాంటి మాటలు భయపెట్టినా పెద్ద ప్రమాదం ఉండదు. ప్రమాదమున్న మాటలు వేరే ఉన్నాయి. మ్యారో ఎడిమా (ఎముక లోపల వాపు), స్పాండిలోడిస్కైటిస్ (ఎముకకూ డిస్కుకూ ఇన్‌ఫెక్షన్), పారావెర్టిబ్రల్ కలెక్షన్ (వెన్ను పక్కన చీమో ద్రవమో చేరడం), ఎపిడ్యూరల్ కాంపొనెంట్ (చీమో గడ్డో నరాల దారిలోకి రావడం), కార్డ్ కంప్రెషన్ (వెన్నుపాము నలగడం), కొలాప్స్ (ఎముక కుంగిపోవడం). వీటిలో ఏది కనిపించినా 'నడుం నొప్పే కదా' అని ఇంట్లో కూర్చోకూడదు. అన్నీ క్యాన్సరే అని కాదు, కానీ అన్నిటికీ వెంటనే కారణం తేల్చాలి.

వీటిలో మేం తరచుగా చూసేది వెన్నెముక టీబీ. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గుర్తుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోవడం. బుడ్డలు పీకే పనిలో నడుము పట్టిందని ఇంట్లో అనుకున్నారు. స్కాన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఎముకలు, మధ్య డిస్కు కలిసి దెబ్బతిని, వెన్ను పక్కన కండలో చీము చేరింది. సూదితో నమూనా తీసి పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. వెన్నెముక టీబీకి సాధారణంగా ఏడాది దాకా మందులు వాడాల్సి ఉంటుంది, అవి ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నరాలు దెబ్బతినకముందే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది. కాబట్టి మీ అమ్మగారికి జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, ఇంతకుముందు రొమ్ముకో గర్భాశయానికో క్యాన్సర్ చికిత్స జరిగి ఉండటం, వీటిలో ఏదైనా ఉంటే డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే మించకూడదన్నది మన దేశ ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు బాగా మించిన నీళ్లు తాగితే ఎముకలు గట్టిపడి, వెన్నులో లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) ఎముకలా మారి, నరాల దారి సన్నబడుతుంది. అలాంటి వాళ్లకు నడుము కంటే మెడ దగ్గర వెన్నుపాము నలగడం పెద్ద ప్రమాదం. కాళ్లు బిగుసుకుపోయి నడక మారుతుంది, చేతుల్లో పట్టు తగ్గి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. గట్టిపడ్డ ఎముకను ఎంఆర్ఐ కంటే ఎక్స్‌రే, సీటీ బాగా చూపిస్తాయి. మీ ఊరికి ఇది వర్తించకపోవచ్చు, ఇదే చదివే అనంతపురం వాళ్ల కోసం రాశాను.

ఇప్పుడు ఆపరేషన్ మాట. ఆపరేషన్ అన్న డాక్టరు తప్పు చెప్పారని నేను అనను. ఆయన అమ్మగారిని పడుకోబెట్టి కాలు లేపి చూశారేమో, బొటనవేలి బలం తగ్గిందని గమనించారేమో. నేను ఆవిడను చూడలేదు. అందుకే ఆయన్నే మళ్లీ కలిసి ఈ మాట అడగండి: 'సార్, కాల్లో బలం తగ్గిందనా, లేక రిపోర్టు చూసి చెప్తున్నారా?' బలం తగ్గిందంటే ఆ సలహాకు బరువుంది. పరీక్ష చేయకుండా ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి చెప్పి ఉంటే ఇంకో న్యూరోసర్జన్‌కో, ఆర్థోపెడిక్ స్పైన్ సర్జన్‌కో చూపించుకోవడం మీ హక్కు.

బలం బాగానే ఉండి నొప్పి మాత్రమే ఉంటే ఎదురు చూడటంలో నష్టం లేదు. నెదర్లాండ్స్‌లో 283 మందిపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. అందరికీ డిస్కు వల్ల తీవ్రమైన కాలి నొప్పి, ఆరు నుంచి పన్నెండు వారాలుగా. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతా సగం మందికి మందులు, వ్యాయామంతో ఆగి చూశారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. తేడా ఎక్కడంటే, ఆపరేషన్ అయినవాళ్లకు కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఆగిచూసిన వాళ్లలో 39 శాతం మందికి ఆ ఏడాదిలో చివరికి ఆపరేషన్ అవసరమైంది. ఇందులో రెండు వైపులా నిజం ఉంది: ఆగితే చాలామందికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మీ అమ్మగారికి ఇప్పటికే నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో నొప్పి మెల్లగా తగ్గుతూ వస్తోందా, పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న. తగ్గుతోందంటే ఆగండి. రాత్రిళ్లు నిద్ర లేకుండా, నాలుగడుగులు వేయలేకుండా ఉంటే ఆపరేషన్ మంచి దారే. ఒకటి గుర్తుంచుకోండి, డిస్కు ఆపరేషన్ కాల్లోకి గుంజే నొప్పికి బాగా పనిచేస్తుంది. నడుము మధ్యలో ఉండే నొప్పికి అంత హామీ లేదు.

పొడుచుకు వచ్చిన డిస్కు ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకోగలదు. విశేషమేమిటంటే పెద్దగా బయటికొచ్చినవే ఎక్కువగా కరుగుతాయి, మామూలు బల్జ్ అంతగా మారదు. అందుకే రిపోర్టులో ముక్క సైజును బట్టి భవిష్యత్తు లెక్కగట్టడం సరికాదు.

కాళ్లు పడిపోతాయన్న భయం గురించి. వెన్నుపాము మొదటి నడుము ఎముక, రెండో ఎముక దగ్గరే ముగిసిపోతుంది. ఎల్4-ఎల్5 దగ్గర ఉండేది వెన్నుపాము కాదు, విడివిడి నరాలు. అక్కడ జరిగే డిస్కు ఆపరేషన్ వల్ల రెండు కాళ్లూ పడిపోవడం చాలా అరుదు. ఇన్‌ఫెక్షన్, నరాల పొర చిరగడం, అదే డిస్కు మళ్లీ రావడం లాంటివి కొద్దిమందిలో జరుగుతాయి. వాటి గురించి సర్జన్‌ను అడగండి, చెప్పడం ఆయన బాధ్యత.

ఆగి చూసే ఈ రోజుల్లో మంచానికి అతుక్కుని ఉండనివ్వకండి. రెండు మూడు రోజులకు మించిన పడక విశ్రాంతి మేలు చేయదు, కండలు మెత్తబడతాయి. ఇంట్లో, వీధిలో ఓపినంత నడవాలి. బెల్టు బయటికి వెళ్లేటప్పుడు కొన్నాళ్లు కట్టుకోవచ్చు, నెలల తరబడి వద్దు. పత్తి పనిలో కష్టమంతా గంటల తరబడి వంగి ఉండటంలో, నడుముకు కట్టిన ఒడి నిండేదాకా ఆ బరువు మోయడంలో ఉంది. నొప్పి తగ్గాక మళ్లీ చేనికి పోతే ఒడి సగం నిండగానే గుమ్మరించమనండి, ప్రతి సాలు చివర నిటారుగా నిలబడి నాలుగడుగులు వేయమనండి. వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి, వీడియో చూసి కాదు. కాలి నొప్పి పెంచే వ్యాయామం ఏదైనా ఆపేయాలి.

స్కాన్ గురించి అందరూ అడిగేవి కొన్ని. 3 టెస్లా మెషీన్లో మళ్లీ తీయించాలా? టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత. నడుము డిస్కు చూడటానికి 1.5 టెస్లా చాలు. ఫిల్ము స్పష్టంగా ఉంటే హైదరాబాదు వెళ్లినా, బెంగళూరు వెళ్లినా అదే చూపించండి. అయితే ఫిల్ముతో పాటు సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి. ఫిల్ములో కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి, సర్జన్ కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసుకుంటారు. ఫిల్ములను మడిచి సంచిలో కుక్కకండి.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మలో కొన్ని చోట్లు విడిగా మెరిసేలా చేసే మందు) మామూలు డిస్కు నొప్పికి అక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్, గడ్డ అనుమానం ఉన్నప్పుడు, ఇంతకుముందు అక్కడే ఆపరేషన్ జరిగినప్పుడు ఇస్తాం. దానిలో ఉండేది గాడోలినియం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి నిర్ణయిస్తాం. గుండెకు పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో క్లిప్, కంట్లో ఎప్పుడో పడ్డ ఇనుప రవ్వ ఉంటే గదిలోకి అడుగు పెట్టకముందే చెప్పాలి. ఆ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ జరగనప్పుడు కూడా. బేతంచెర్ల వైపు నాపరాళ్ల పనిలో, వెల్డింగు పనిలో ఉన్నవాళ్లు కంటి సంగతి చెప్పకుండా దాటవేస్తారు, దయచేసి చెప్పండి. తాళిబొట్టు తీయడానికి చాలామంది ఆడవాళ్లు బాధపడతారు. తాళికి పిన్నీసులు వేలాడుతుంటాయి, అసలు ప్రమాదం వాటిది. పసుపు తాడు కట్టుకుని, లోహాలన్నీ ఇంటివాళ్లకు ఇచ్చి రమ్మని మా టెక్నీషియన్లు చెప్తుంటారు. మెట్టెలు, మొలతాడు తాయెత్తు, తలపిన్నులూ అంతే.

స్కాన్‌కు పంపే చీటీ గురించి డాక్టర్లకూ, మీకూ ఒక విన్నపం. మాకు వచ్చే చీటీల్లో చాలావాటి మీద 'ఎల్‌బీఏ' అని మూడు అక్షరాలే ఉంటాయి, అంటే నడుం నొప్పి అని. ఏ కాలు, ఎంతకాలం, జ్వరం ఉందా, బలం తగ్గిందా అన్నది ఏదీ ఉండదు. ఎడమ కాలు, బొటనవేలి దాకా, నాలుగు నెలలు అని రాసి ఉంటే ఆ చోటును మరింత శ్రద్ధగా చూస్తాం, ఆ నరం పేరు పెట్టి రాస్తాం. చీటీలో లేకపోతే స్కాన్ గదిలో టెక్నీషియన్‌కైనా నోటితో చెప్పండి. రిపోర్టు చివర 'క్లినికల్ కోరిలేషన్' అని మేం రాసేది తప్పించుకోవడానికి కాదు. రోగిని పరీక్షించిన డాక్టరు ఈ బొమ్మను ఆ పరీక్షతో కలిపి చూడాలని చెప్పడానికి. మీ రిపోర్టులోనూ ఆ లైను ఉండే ఉంటుంది.

ఇంకొకటి. ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు. నిలబడ్డప్పుడు, వంగినప్పుడు ఒక ఎముక ఇంకో ఎముక మీద ముందుకు జరిగే తత్వం ఉంటే పడుకున్న బొమ్మలో అది దాగిపోవచ్చు. అమ్మగారికి నిలబడితేనో నడిస్తేనో నొప్పి బాగా పెరిగి, కూర్చోగానే తగ్గుతోందంటే ఆ సంగతి సర్జన్‌కు చెప్పి, నిలబెట్టి, ముందుకూ వెనక్కూ వంచి తీసే మామూలు ఎక్స్‌రే అవసరమా అని అడగండి. దానికి పట్టేది కొద్ది నిమిషాలు, ఎంఆర్ఐతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఆపరేషన్‌లో డిస్కు ముక్క మాత్రమే తీయాలా, స్క్రూలు వేసి ఎముకల్ని బిగించాలా అన్నది తేల్చడానికి సర్జన్లు ఆ ఎక్స్‌రేను చూస్తారు.